ఇనుము లేని కప్పు

మా ఆయన సంజీవ్‌కు డిసెంబరులో గుండెకు స్టెంట్ వేశారు. ఎండలో తిరగొద్దు, నిచ్చెనలెక్కొద్దు, పరేషాన్ కావొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. చలి పూర్తిగా పోకముందే, ఆయన పుట్టిన తండాకు పంచాయతీ ఆఫీసు మంజూరైంది. గీసి కట్టించే పని మా చేతికే వచ్చింది. జీవితమంతా ఎదురుచూసిన పని సరిగ్గా కదలొద్దన్న ఏడాదే రావాలా? నాకు డాక్టరు మీదా కోపం వచ్చింది, తండా మీదా కోపం వచ్చింది.

సూర్యాపేటలో మా ఇంటి కింది భాగమే మా ఆర్కిటెక్టు ఆఫీసు. పెద్ద పేరేం కాదు. కానీ కోదాడలో లైబ్రరీ, మిర్యాలగూడ దవాఖానలో కాన్పుల వార్డు, పెద్దవూర దగ్గర ఒక బడి, ఇంకా దారి పొడుగునా బస్సు షెల్టర్లు మేం కట్టినవే. అన్నీ కమాను కప్పులే. ఇటుకను ఇటుక ఆనుకొని, వంగి, తనంతట తాను నిలబడే కప్పు. అందులో ఇనుము ఉండదు. సిమెంటు నామమాత్రం. మే నెలలో కరెంటు పోయినా లోపల మనిషి బతుకుతాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లాలో సిమెంటు తక్కువ వాడి బతికిన ఆఫీసు మాదొక్కటే అని సంజీవ్ గొప్పగా చెప్పుకుంటాడు. మా పెళ్లయినప్పటి నుంచీ ఇంట్లో కూర ముచ్చట కంటే కమాను ముచ్చటే ఎక్కువ.

ఇన్నేళ్లూ సైటు ఆయనది, ఆఫీసు నాది. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం కాబట్టి నాకు పని రాక కాదు, ఆయన నాకు ఎండ తగలనివ్వక. ఆ యాసంగి పంటల సీజనులో అది తారుమారైంది. ఆయన బూట్లు పెద్దవైతే కోదాడలో మా తమ్ముడితో కొత్తవి తెప్పించుకున్నాను.

పాలకీడు దాటాక, కాలువ పక్కన ఉంటుంది తండా. గ్రామసభకు సంజీవ్‌ను కారులో కూర్చోబెట్టి నేనే నడిపాను. షామియానా కింద నక్ష పరిచి ఆయన ఇంకా నోరు తెరవకముందే కొత్త సర్పంచ్ బీక్యా లేచాడు. బీక్యా ఆయనకు వరసకు తమ్ముడు.

"అన్నా, ఏమనుకోకు. రోడ్డు మీది ఊరోళ్లకేమో స్లాబ్ బిల్డింగు, ముంగట అద్దాలు. మాకేమో ఇటుకల గూన. తండోళ్లమనేనా?"

"అద్దాలు పెడితే లోపల ఉడికిపోతరు బీక్యా. నేనీ తండాల గుడిసెల పుట్టినోన్ని. నాకు తెల్వదా?"

అప్పుడు సాలి చిన్నమ్మ లేచింది. సంజీవ్ తల్లి పోయాక ఆయనను సాకింది ఆమే. ఆమె నోటికి తండా మొత్తం భయపడుతుంది.

"గుడిసెల పుట్టినవ్, సదువుకున్నవ్, పేటల స్లాబ్ ఇల్లు కట్టుకున్నవ్. ఇగ మమ్ములను మాత్రం గుడిసెలనే ఉండమంటవా కొడకా?"

సంజీవ్ నక్ష చుట్ట చుట్టాడు. మేముండే ఇల్లు ఆయన కట్టింది కాదు, ఎప్పుడో కొనుక్కున్న పాత ఇల్లు. దానికి స్లాబే. ఆ సంగతి నేను ఎప్పుడు ఎత్తినా ఆయన మాట మార్చేవాడు. చిన్నమ్మ నలుగురిలో ఎత్తింది. ఆమె అడిగింది తప్పు అని నేను ఇప్పటికీ అనను. ఊళ్లకు ఒకటిచ్చి తండాలకు ఇంకొకటిచ్చిన రోజులు చూసినవాళ్లు అడగక ఏం చేస్తారు.

కానీ నాకు పంతం వచ్చింది. మరుసటి వారమే సాలి చిన్నమ్మను, బీక్యాను కారులో ఎక్కించుకొని మిర్యాలగూడ తీసుకుపోయాను. మంచి ఎండవేళ చూసి మరీ పోయాను. దవాఖాన కాన్పుల వార్డు ముందు వరండాలో చిన్నమ్మ చెప్పులు విడిచి, గచ్చు మీద అరికాలు ఆనించి నిలబడింది. పక్కన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకొన్న ఒక తల్లిని అడిగింది.

"పిల్లకు ఉక్కపోస్తలేదా బిడ్డా?"

"లేదవ్వా. ఇంటికి పోబుద్ధయితలేదు."

బీక్యా తల పైకెత్తి కమానును చూస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. తిరిగొచ్చేసరికి చిన్నమ్మ కొంగు తల కింద పెట్టుకొని వరండాలో నిద్రపోతోంది. లేపితే కళ్లు నులుముకుంది.

"ఎట్లుంది చిన్నమ్మా?" అన్నాను.

"సల్లగనే ఉంది. అయినా నాకు స్లాబే గావాలె."

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. బీక్యానే కొంచెం మెత్తబడ్డాడు. కారులో ఎక్కాక నెమ్మదిగా అడిగాడు.

"వదినా, ఇనుము లేకుంట గంత బరువు పైన ఎట్ల నిలవడ్తది? రేపు పది మంది కూసున్నప్పుడు కూలితే, నన్ను సర్పంచ్ అంటరా, హంతకుడంటరా?"

"ఇది నిలబడి ఇరవై ఏళ్లు దాటింది కదయ్యా."

"గిది పట్నంల నిలవడ్డది. మా తండాల నిలవడ్డది సూపియ్యి."

అలా ఒప్పందం కుదిరింది. సంజీవ్ మా ఇంటి హాలులో కూర్చొని, బీక్యా చేతిలో చెయ్యి వేసి మరీ ఒప్పుకున్నాడు. కమాను కడతాం. కింద ఆసరాగా పెట్టే సెంట్రింగ్ తీసేదాకా తండా చూస్తుంది. ఒక్క పగులు కనబడినా కమాను వదిలేసి స్లాబ్ కట్టాలి. బీక్యా పోయాక నేను ఆయనను నిలదీశాను.

"ఇంత పెద్ద మాట ఎందుకిచ్చావు?"

"నా తండా సరితా. ఆడ నాది ఒక్కటన్న ఉండొద్దా?"

పని మొదలైంది. గోడలు లేచాయి. మేస్త్రీ మంగయ్య మాతో చాలా ఏళ్లుగా ఉన్నవాడు. పక్కపక్కనే వరుసగా కమానులు, వాటి కింద చెక్కల సెంట్రింగ్, దాన్ని మోస్తూ గుంజలు. గుంజల మీదే మొత్తం బరువు. కట్టు గట్టిపడేదాకా వాటిని ముట్టుకోకూడదు. నేను పొద్దున్నే సూర్యాపేటలో బయలుదేరేదాన్ని, టోపీ మీద కొంగు చుట్టుకొని. నా పుట్టింటి కోదాడ మాటతీరు విని కూలీ ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. నేను "ఏంటి" అంటే చాలు, "కోదాడ మేడం ఏంటి అంటుంది" అని వెనక నుంచి అనేవాళ్లు. సాయంత్రం ఇంటికొస్తే సంజీవ్ గుమ్మంలోనే నిలబడి ఎక్కడిదాకా వచ్చింది, ఇటుకలు తడిపారా, సున్నం మాగిందా అని ప్రాణం తీసేవాడు. మంచినీళ్లు తాగాక చెబుతాను, ఆగు అనేదాన్ని. ఆగేవాడు కాదు.

చివరి కమాను ముగిసిన వారంలోనే యాసంగి కోతలు పూర్తయ్యాయి. సైటు పక్కన కొత్త రోడ్డు పొడుగునా వడ్ల కుప్పలు. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటరులో కాంటా మీద తూకం కావాలంటే వడ్లు ఎండాలి, ఎండినా లారీ రావాలి. లారీ రాలేదు. జనం రోజుల తరబడి కుప్పల దగ్గరే పడుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు నల్లగా లేచింది. దుమారం మొదలైంది. ఆడామగా టార్పాలిన్ పట్టాలు పట్టుకొని పరుగెత్తారు, గాలికి పట్టాలు చేతుల్లో నిలవలేదు.

నేను సైటు గేటు బార్లా తెరిచాను.

"లోపల పెట్టుకోండి. ఎంత పడితే అంత" అన్నాను.

మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అదే మాట అంటాను. ఆరు నెలల కష్టం రోడ్డు మీద తడుస్తుంటే చూస్తూ నిలబడే మనిషిని కాను. ఇంతలో ఇంటి నుంచి ఫోన్. సంజీవ్‌కు ఛాతీలో బరువుగా ఉందట. మంగయ్యకు చెప్పి కారెక్కాను. ఇల్లు చేరేసరికి ఆయన బాగానే ఉన్నాడు, గ్యాసు. వాన సూర్యాపేట దాకా కొట్టింది.

తెల్లవారి సైటుకు పోతే లోపలంతా బస్తాలు, గోనెలు, తడవని వడ్లు. సంతోషమేసింది. నిచ్చెన వేసుకొని పైకెక్కాను. చివరి కమాను నడినెత్తిన, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, సన్నని గీత. వేలు పెట్టి చూశాను. గీత కాదు, పగులు. దిగి లోపలికి పరుగెత్తాను. చివరి కమాను కింద నడుమ గుంజలు లేవు. ఆ జాగాలో బస్తాలు పేర్చి ఉన్నాయి. పీకిన గుంజలు గోడకు చక్కగా ఆనించి ఉన్నాయి. సెంట్రింగ్ నడుమ కిందికి జారింది, దాంతోపాటు పచ్చి కట్టూ జారింది.

మంగయ్య నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

"నేను అవుతల పట్టాలు కడుతున్న మేడం. సూడలే. ఏం గాదు. మల్ల గుంజలు కొడతం, పైన సున్నం పూత ఎట్లయినా పడేదే. ఎవలికి కనవడ్తది?"

మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాను. సంజీవ్‌కు దాచి చెప్పడం నాకు రాదు. కుర్చీ దగ్గరికి లాక్కొని ఉన్నదున్నట్టు చెప్పాను.

"పూత వెయ్యమను మంగయ్యను" అన్నాడు.

ఆ నోటి నుంచి ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. కోదాడ లైబ్రరీలో ఒక గుమ్మం వంకర పోయిందని మొత్తం గోడ పీకించిన మనిషి. పూత వేసి దాచే మేస్త్రీలను ఒకరిద్దరిని కాదు, ఎందరినో పంపించేసిన మనిషి.

"పగులు మీద పూతా?"

"నిలవడ్తది సరితా. చిన్నదే గదా. అది కనవడ్డదంటే ఖతం. బీక్యా స్లాబ్ అంటడు. నేనిగ ఇంకోటి కడతనా? నాకు భయమైతుంది. నేను పోయినంక నా తండాల నాది అని సూపియ్యనీకె ఏం ఉండది."

ఆయన కళ్లలో నీళ్లు చూసి నా గుండె కరిగిపోయింది. సరే అనేద్దామనే అనిపించింది. ఆయనకు ఒక అలవాటుంది. ఏ కప్పుకు సెంట్రింగ్ తీసినా, ముందు కుర్చీ వేసుకొని దాని నట్టనడుమ కూర్చుంటాడు, తర్వాతే గుంజలు కొట్టమంటాడు. కట్టినోడే కింద కూసోకపోతే ఎవలు కూసుంటరు అంటాడు. ప్రతిసారీ నేను ఆఫీసులో దేవుడికి దండం పెట్టుకుంటూ, ఆయనను తిట్టుకుంటూ ఉండేదాన్ని. ఆ అలవాటే గుర్తొచ్చింది.

"పూత వేసిన ఆ కమాను కింద నువ్వు కూర్చుంటావా?" అన్నాను.

"కూసుంట."

"నన్ను కూర్చోబెడతావా?"

ఆయన కుర్చీలో పక్కకు తిరిగాడు.

"సాలి చిన్నమ్మను?"

ఆయన తల దించుకున్నాడు. నేను లేచి అన్నం వడ్డించాను. ఇద్దరం తిన్నాం. గిన్నెలు కడిగి, రేపు పొద్దున తండాను పిలిపిస్తున్నానని చెప్పడానికి బీక్యాకు ఫోన్ చేశాను. సంజీవ్ వింటూనే ఉన్నాడు, వద్దనలేదు.

పొద్దున్నే నిచ్చెన వేయించి ఒక్కొక్కరినీ పైకెక్కించాను. ముందు బీక్యా, తర్వాత వార్డు మెంబర్లు, తర్వాత ఎవరు చూస్తామంటే వాళ్లు. పగులు మీద వేలు పెట్టించి చూపించాను. కింద గుంజలు లేని జాగా కూడా చూపించాను. ఎవరు పీకారని నేను అడగలేదు. అయినా సాలి చిన్నమ్మ ముందుకొచ్చింది.

"నేనే పీకిన. నా వడ్లు తడుస్తుంటే నీ గుంజలు సూసుకుంటనా? జాగ లేకపాయె. నడుమ ఉన్నయి ఉత్తగనే ఉన్నయనుకున్న."

ఆమె గొంతులో పశ్చాత్తాపం ఏమీ లేదు. వడ్లు తడవలేదు కదా అన్న ధీమాయే ఉంది. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఎందుకో తెలియదు. బీక్యా మాత్రం గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

"ఎవలు పీకినా పగులు పగులే వదినా. మాటంటే మాట."

"మాటే" అన్నాను. "స్లాబ్ కావాలని తీర్మానం రాసి పంపు, నేనే దగ్గరుండి కట్టిస్తా. కానీ ఈ పగిలినదాన్ని జనం తిరిగే చోట వదిలి పోను. ఇవాళే కూలగొట్టిస్తా."

పక్క కమాను తోసుకురాకుండా గోడకు ఆసరా కర్రలు పెట్టించాను. వడ్లన్నీ బయటికి మోయించాను. మంగయ్య చివరి కమాను కింద మిగిలిన గుంజలకు తాళ్లు కట్టాడు.

"దూరం జరుగుండ్రి. గుంజల్తోపాటు అదే పడ్తది" అని కేకేశాడు.

తాళ్లు లాగారు. గుంజలు పడ్డాయి, సెంట్రింగ్ చెక్కలు పడ్డాయి. దుమ్ము లేచింది. అందరం ముక్కులు మూసుకొని చూశాం. దుమ్ము తగ్గింది. కమాను అక్కడే ఉంది, నెత్తిన పగులుతో సహా. మంగయ్య నా వైపు చూశాడు, నేను మంగయ్య వైపు చూశాను. నాకు తెలుసు అన్నట్టు మొహం పెట్టాను గానీ, నిజం చెప్పాలంటే నేనూ పడుతుందనే అనుకున్నాను.

ఇద్దరు మనుషులు పక్క పరంజా మీదికెక్కి సమ్మెటతో కొట్టారు. పెచ్చులు లేచాయి, కమాను కదల్లేదు. ఇంకా కొట్టారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. బీక్యా చొక్కా విప్పి తలపాగా చుట్టుకొని, నాకియ్యిండ్రి అని సమ్మెట అందుకున్నాడు. కొట్టీ కొట్టీ ఊపిరాడక పరంజా మీదే కూర్చున్నాడు, కింద ఆడవాళ్లు నవ్వుతున్నారు. చివరికి మంగయ్య పైకెక్కి నడినెత్తి ఇటుకల వరుసలో గడ్డపార దించి, ఒక్కొక్కటిగా పెకలించాడు. అప్పుడు పడింది, ఒక్కసారిగా. దుమ్ము మమ్మల్నందరినీ కప్పేసింది.

బీక్యా దిగి వచ్చి ఒక ఇటుక మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. మొహం మీద దుమ్ము చెమటకు బురదైంది.

"వదినా, గిది పలిగిందే గదా?"

"పగిలిందే."

"మరి పలగంది కూలగొట్టాలంటే?"

"నన్ను అడక్కు. నాకు కట్టడమే వచ్చు."

బీక్యా మిగతా కమానుల వైపు చూశాడు. ఇంకా గుంజల మీదే ఉన్నాయి అవి. సాలి చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏంది బీక్యా, తీర్మానం రాస్తవా రాయవా?"

"రాయ. మల్ల కట్టుమను. ఈపారి గుంజలకు కావలి నేనుంట."

"మల్ల వానొస్తే నా వడ్లో?"

"నీ వడ్లు మా ఇంట్ల పెట్టుకో పెద్దమ్మా. మేం బయట పంటం."

నేను పక్కకు పోయి, నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఏడ్చాను. సంతోషానికో అలసటకో చెప్పలేను. మొహం కడుక్కొని సంజీవ్‌కు ఫోన్ చేసి, మళ్లీ ఇటుకలకు ఆర్డరు పెట్టమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "ఎన్ని?" అన్నాడు.

మళ్లీ కట్టాం. ఈసారి ఇటుకలు మోయడానికి తండా ఆడవాళ్లు కూలీకి కాదు, వంతులు వేసుకొని వచ్చారు. లారీలు వచ్చి వడ్లన్నీ ఎత్తుకుపోయాక రోడ్డు ఖాళీ అయింది. తొలకరి ఇంకా పడలేదు. సెంట్రింగ్ తీసే రోజు వచ్చింది.

సంజీవ్ కారు దిగి, ఎవరి ఆసరా లేకుండా నడిచి వచ్చాడు. కుర్చీ అడిగాడు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. దాన్ని ఆయన చేతిలోంచి నేను లాక్కున్నాను.

"ఇది నేను కట్టించిన కప్పు. నేనే కూర్చుంటాను" అన్నాను.

"సరితా, వద్దు."

"నువ్వు ఇన్నేళ్లు కూర్చున్నావు, నేను ఇంట్లో వణికాను. ఇవాళ నువ్వు వణుకు. డాక్టరు పరేషాన్ కావొద్దన్నాడు, అది మాత్రం గుర్తు పెట్టుకో."

జనం నవ్వారు. నేను లోపలికి పోయి చివరి కమాను నడుమ కుర్చీ వేసుకొని కూర్చున్నాను. భయమేసింది. మంగయ్య ఒక్కొక్క గుంజ కింది చెక్కమేకును కొడుతుంటే ఆ చప్పుడు నా పళ్లలోకి వచ్చింది. సంజీవ్ గుమ్మం బయట ఎండలోనే నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆయన ఎన్నడూ ఒక్క మాట కూడా చెప్పలేదు, ఆ కుర్చీలో ఇలా ఉంటుందని.

గుంజలు పడ్డాయి. చెక్కలు ఒక వైపు నుంచి దించుతూ వచ్చారు. ఇటుకల ఎరుపు మొదటిసారి నా నెత్తి మీద కనబడింది. నేను పైకి చూస్తూనే ఉన్నాను. ఒక్క గీత లేదు. బీక్యా లోపలికి వచ్చి గోడ పొడుగునా నడిచాడు, వేలితో తడుముతూ.

సాలి చిన్నమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. కప్పు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"లెవ్వు కోడలా."

"ఏంటి చిన్నమ్మా?"

"లెవ్వుమంటున్న. కట్టుడు అయిపాయె గదా. ఇగ గిది మీది గాదు, మాది."

నేను లేచాను. ఆమె కుర్చీని కాలితో పక్కకు జరిపి, గచ్చు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు, వరుసగా లోపలికి వచ్చి కూర్చోసాగారు. నాకు నిలబడే చోటు కూడా లేక గుమ్మం దాకా జరిగాను. సంజీవ్ అంతా విన్నాడని నాకు తెలుసు. తనది ఒక్కటైనా ఉండాలని అంత ఏడ్చిన మనిషి ఏమంటాడోనని ఆయన మొహంలోకి చూశాను.

ఆయన గుమ్మంలోంచే లోపలికి వంగి, చిన్నమ్మకు వినబడేలా చెప్పాడు.

"అవును చిన్నమ్మా. మాది గాదు."